గడప మీద ఆరు రేకులు

మొన్నామధ్య ఒక శనివారం షాంటిలీలో ఇండియన్ స్టోర్ నుంచి వస్తుంటే కారు వెనక సీట్లో పసుపు ప్యాకెట్ పగిలింది. దానంతటది పగల్లేదు. రెడ్ లైట్ దగ్గర రెండు నిమిషాలు కుదురుగా కూర్చోలేక నేనే వెనక్కి చెయ్యి చాపి సంచులు సర్దబోయాను. లేత బూడిదరంగు సీట్లు, కారు కొని ఇంకా నెల కాలేదు. ఇంటికి వచ్చేసరికి సీటు మీద అరచేయంత పచ్చటి మరక. మా అబ్బాయి చూసి తల పట్టుకున్నాడు.

"మామ్, ఇట్స్ రూయిన్డ్! ఇది ఎప్పటికీ పోదు. నువ్వు టచ్ చెయ్యకు, నేను క్లీనర్ ఆర్డర్ చేస్తాను."

"ఏమీ చెయ్యకు. కారుని ఆ డోర్ వైపు ఎండ పడేలా పార్క్ చెయ్యి. రెండు మూడు రోజుల్లో అదే పోతుంది."

"హూ టోల్డ్ యూ దట్?"

"అమ్మమ్మ" అన్నాను.

అనేశాక గరాజ్‌లోనే నిలబడిపోయాను. అమ్మ ఆ మాట అని నలభై ఏళ్ళు దాటింది. అదైనా నాతో చెప్పడానికి అన్నది కాదు, నా చేత ఇంకొకరికి చెప్పించడానికి అన్నది. పసుపు ఒలికిన రోజు నుంచి నాకు కూర్చుంటే నిలబడాలనీ, నిలబడితే నడవాలనీ ఉంది. రాసేస్తే పోతుందేమోనని రాస్తున్నాను.

అప్పటికి నాకు పదకొండేళ్ళు. నాలుగేళ్ళలో అయిదు ఇళ్ళు మారాం. నాన్న ఇంజనీరు, ఫ్యాక్టరీలకు పైపుల డిజైన్ చేసేవాడు. ఒక ప్రాజెక్ట్ అయిపోతే ఇంకో ఊరు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పినట్టు మమ్మల్ని స్టేషన్ వేగన్‌లో వేసుకుని తిప్పేవాడు. ప్రతి ఊళ్ళోనూ కొత్త స్కూలు, కొత్త టీచరు నా పేరుని కొత్తగా ఖూనీ చెయ్యడం. నాకూ ఒకచోట నిలిచే అలవాటు పోయింది. కాళ్ళు ఆగితే చేతులు ఆగేవి కావు. ఏదో ఒకటి గిల్లడం, గీకడం, ఊడదీయడం. "నీ చేతులకి పని లేకపోతే ఊరందరికీ పని పెడతావే" అనేది అమ్మ.

ఆరో ఇల్లు ఈ కథ జరిగిన ఊళ్ళో. తూర్పు తీరంలో, నది ఒడ్డున, ఈ దేశానికి రాజు ఇంకా ఇంగ్లండులో ఉన్న కాలంలో కట్టిన చిన్న ఊరు. మొత్తం నాలుగు వీధులు, మధ్యలో ఒక పచ్చిక మైదానం, దాని పక్కన గంటగోపురం ఉన్న కోర్టు భవనం. ఇటుక కాలిబాటల్ని చెట్ల వేళ్ళు కింది నుంచి ఎత్తేసేవి, పరిగెత్తితే పళ్ళు రాలడమే. దేశానికి రెండువందల ఏళ్ళు నిండాయని పంపు గొట్టాలకు పూసిన ఎరుపు, తెలుపు, నీలం రంగులు ఇంకా వెలవలేదు. ప్రతి ఇంటి గుమ్మం పక్కనా ఆ ఇల్లు పుట్టిన సంవత్సరం రాసిన చెక్క పలక ఉండేది. "మా ఊళ్ళో మనుషులకే పుట్టినరోజు సరిగ్గా తెలీదు, ఇక్కడ గోడలకి కూడానా!" అని నాన్న నవ్వాడు.

మాకు ఇల్లు అద్దెకిచ్చింది డెబ్భై దాటిన ఒక ముసలామె. అమ్మ ఆమెను పెద్దావిడ అనేది, నేనూ ఇక్కడ అలాగే అంటాను. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఆ ఇల్లు ఆయన వంశంలో ఆరు తరాలుగా ఉంది. ముందు హాలుకు ఎడమవైపు గదులు ఆవిడవి, కుడివైపు గదులూ పైన గదీ మావి. వీధి గుమ్మం ఇద్దరికీ ఒక్కటే. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే అయినా ఆవిడ మాటలన్నీ నాకు తెలుగులోనే గుర్తున్నాయి. అమ్మకు చెప్పీ చెప్పీ అలా అయిపోయింది. అమ్మ ఇంగ్లీషు అప్పటికి థాంక్యూ, సారీ, నో బీఫ్. మిగతాదంతా నేనే.

ఆ ఇంట్లో తేనెమైనం వాసన, పొయ్యిలో కట్టెల మసి వాసన, వానపడితే తడి ఇటుక వాసన. పెరట్లో బాక్స్‌వుడ్ పొదలుండేవి. ఎండెక్కితే అవి అచ్చం పిల్లి ఉచ్చ కంపు కొట్టేవి. పెద్దావిడ మాత్రం కళ్ళు మూసుకుని గుండె నిండా పీల్చి, "ఇదీ పాతకాలం వాసన" అనేది. ఆ పాతకాలం నాకెందుకులే అని నేను ముక్కు మూసుకునేదాన్ని. వాటి మధ్యలోకి మా ఇంగువ తాలింపు వచ్చి చేరింది. మొదటి వారం మంచు పడుతున్నా సరే పెద్దావిడ కిటికీలన్నీ తెరిచేసింది. రెండో నెలకు సాయంత్రం ఆరింటికి గిన్నె పట్టుకుని మా వంటింటి గుమ్మంలో నిలబడేది.

"ఆ పసుపు సూపు ఉందా?"

అది మా చారు. ఆవిడ దాన్ని గ్లాసులో పోసుకుని, కార్న్‌బ్రెడ్ ముంచుకుని తినేది. బదులుగా రేకు డబ్బాలో యాపిల్ పై వచ్చేది. వసంతంలో ఆవిడ మూలికల మడిలో సోరెల్ అనే పుల్లటి ఆకు మొలిచింది. అమ్మ ఒక ఆకు నమిలి చూసి, "ఇదెవరే, మన గోంగూరకి పిన్ని కూతురిలా ఉంది!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ రాత్రి పచ్చడి. నాన్న వేళ్ళు నాకుతూ, ఈ ప్రాజెక్ట్ ఇంకో రెండేళ్ళు సాగితే బాగుండునన్నాడు.

నా చేతులకు ఆ ఇల్లు స్వర్గం. మెట్ల కింది అరలో దూరి గోడ కాయితం మూల గిల్లితే దాని కింద ఇంకో కాయితం, దాని కింద నీలం పువ్వులది, దాని కింద ఆకులది. ఏడు పొరలు లెక్కపెట్టాను. కొవ్వొత్తుల నుంచి కారిన మైనం గీకి నమిలేదాన్ని. పెద్దావిడ చూసి కూడా తిట్టేది కాదు. "గోళ్ళతో చరిత్ర చదివే పిల్లని నిన్నే చూశాను" అంది ఒకసారి. నన్ను అలా మెచ్చుకున్నవాళ్ళు అంతకుముందు లేరు. ఆ ఊరు వదిలి ఎక్కడికీ పోకూడదని నాకు మొట్టమొదట అనిపించింది ఆ రోజే.

ఇక గడప. పైన్ చెక్కది. రెండువందల ఏళ్ళ అడుగులకు మధ్యలో దోనెలా అరిగిపోయింది. ఎడమ చివర, అడుగులు పడని చోట, జానెడు వెడల్పున ఒక పువ్వు ఉండేది. కంపాస్‌తో గీసిన గుండ్రం, దాని లోపల ఆరు రేకులు. గీతలు ఎంత సన్నమంటే కంటికంటే వేలికే బాగా తెలిసేవి. బయటికి పోతూ వస్తూ నేను వంగి ఒక రేకు చుట్టూ వేలు తిప్పనిదే గడప దాటేదాన్ని కాదు.

దాని కథ పెద్దావిడ నన్ను చర్చి వెనక శ్మశానానికి తీసుకెళ్ళి చెప్పింది. అక్కడ పలకరాయి సమాధులు ఒకదానికొకటి వాలిపోయి ఉంటాయి. వాటిలో మోకాలెత్తు రాళ్ళు మూడు వరసగా ఉన్నాయి. ఆ ఇంటి మొదటి ఇల్లాలి పిల్లలు. జ్వరాలొచ్చి ఒకరి వెనక ఒకరు పోయారట. నాలుగోసారి కడుపుతో ఉన్నప్పుడు ఆమె వడ్రంగిని పిలిపించి గడప మీద ఆ పువ్వు గీయించుకుంది. చెడు అన్నది ఆ గీతల వెంట తిరిగి తిరిగి లోపలికి దారి తెలియక పోతుందని వాళ్ళ నమ్మకం. నాలుగో బిడ్డ బతికాడు. పెద్దావిడ భర్త ఆ బిడ్డ వంశం వాడే.

ఇంటికి పరిగెత్తుకొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ బియ్యం ఏరుతోంది. ఏరడం ఆపేసింది. నాకు ముందు అమ్మకు ఇండియాలో ఒక ఆడపిల్ల పుట్టి పోయింది. ఇప్పుడు మళ్ళీ కడుపుతో ఉంది, అయిదో నెల. లేచి వచ్చి గడప దగ్గర కూర్చుని, ఆ పువ్వు మీద చెయ్యి పెట్టి చూసింది.

"ముగ్గేనే ఇది. దిష్టి తగలకుండా వేయించుకుంది పాపం. తల్లి ఎక్కడైనా తల్లేగా" అంది. వేలితో రేకులు తడుముతూ, "ముగ్గు ఉంది గాని పసుపు లేదు చూడు. ఇన్నేళ్ళూ గడప బోసిగానే ఉంది" అంది.

మే నెలలో ఒక శనివారం ఆ ఊళ్ళో పాత ఇళ్ళన్నీ తలుపులు తెరిచేవారు. ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి ఇల్లిల్లూ తిరిగి చూసేవారు. ఆ రోజు ఆడవాళ్ళు పొడుగు గౌన్లూ తెల్లటోపీలూ పెట్టుకునేవారు, మైదానంలో కొవ్వొత్తులు పోసేవారు, బెల్లప్పాకం లాంటి మొలాసిస్‌తో చేసిన కేకులు అమ్మేవారు. ఈ ఏర్పాట్లన్నిటికీ ఒక కమిటీ. దాని పెద్ద ఒక పొడుగాటి ఆవిడ, రంగుల కార్డుల కట్ట ఎప్పుడూ చేతిలో ఉండేది. ఊళ్ళో ఎవరు తలుపుకి రంగు వేసుకున్నా వచ్చి, పాతకాలం రంగేనా అని కార్డు పక్కన పెట్టి చూసేది. పాత ఇంట్లో అద్దెవాళ్ళు, అందులోనూ ఇలాంటి వంటలు వండేవాళ్ళు ఉంటే ఇల్లు పాడవుతుందని ఆవిడ పెద్దావిడకు నచ్చజెబుతూ వచ్చింది. హాల్లో ఆ మాటలు నేను విన్నాను. అమ్మకు మాత్రం చెప్పలేదు.

అదే సమయానికి నాన్న ప్రాజెక్ట్ అయిపోవచ్చింది. కొత్తది అయిదు గంటల దూరంలో ఉంది. అమ్మ మొదటిసారి మొండికేసింది. "ఈ పొట్టతో నేను మళ్ళీ సామాను కట్టలేను. పురుడు ఇక్కడే పోసుకుంటాను. మీరు శనాదివారాలు వచ్చి పోండి" అంది. నాన్న పెద్దావిడను అడిగాడు. ఆవిడ చాలాసేపు కిటికీలోంచి చూసి చెప్పింది.

"కమిటీ వాళ్ళు నన్ను ఊరుకోనివ్వడం లేదు. ఈ శనివారం ఇల్లు చూడనీ. ఇల్లెంత బాగుందో వాళ్ళే చూస్తారు, అప్పుడు నోరు మూయిస్తాను. ఇంకో ఏడాది ఉండండి. ఈ ఇంట్లో పసిబిడ్డ ఏడుపు వినబడి అరవై ఏళ్ళయింది."

ఇంకో మాట కూడా అంది. శనివారం గుమ్మంలో తెల్లటోపీ పెట్టుకుని నిలబడి, వచ్చినవాళ్ళకు పువ్వు కథ చెప్పాల్సింది నేనట. ఆ రాత్రి నాకు నిద్రపడితే ఒట్టు.

ఆ వారమంతా ఇల్లు తుడవడం, తోమడం. పెద్దావిడ ఇత్తడి కొవ్వొత్తి స్తంభాలు ఏ పాలిష్‌కీ లొంగలేదు. అమ్మ చూసి చూసి, న్యూయార్క్ నుంచి తెచ్చుకున్న చింతపండులోంచి ఒక ఉండ తీసి, ఉప్పు అద్ది రుద్దింది. పది నిమిషాల్లో బంగారంలా తేలాయి. పెద్దావిడ ఒక్కొక్కదాన్నీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసుకుని మురిసిపోయి, అమ్మ బుగ్గ మీద ముద్దు పెట్టింది. అమ్మ సిగ్గుతో వంటింట్లోకి పారిపోయింది. ఆ ముద్దే కొంప ముంచింది. ఈవిడ ఇంటికి ఇంకా ఏదైనా చెయ్యాలని అమ్మకు పట్టుకుంది.

శుక్రవారం. నేను స్కూలుకి వెళ్ళాను. పెద్దావిడ కోర్టు భవనంలో కమిటీ మీటింగుకి వెళ్ళింది. అమ్మ తలంటు పోసుకుంది. నాన్న స్నేహితుడెవరో ఇండియా నుంచి తెచ్చిచ్చిన మంచి పసుపు ఉండేది, వంటకి కూడా చిటికెడు చిటికెడు వాడేది. అందులో సగం గిన్నెలో వేసి కలిపి, ఆ గడపంతా ఈ చివర నుంచి ఆ చివరకి పూసింది. పువ్వు ఆరు రేకుల మీదా ఆరు కుంకుమ బొట్లు పెట్టింది. రేపు ఊరంతా వచ్చే ఇల్లు కదా.

నేను మూడింటికి వచ్చేసరికి పెద్దావిడా కమిటీ ఆవిడా గుమ్మం ముందు కొయ్యబారి నిలబడి ఉన్నారు. అమ్మ లోపలివైపు చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడింది. వాళ్ళ ముఖాలు చూసి ఆ నవ్వు మెల్లగా పోయింది.

"రంగు వేసేశారు" అంది కమిటీ ఆవిడ. "రెండువందల ఏళ్ళ చెక్కకి."

పెద్దావిడ తడిగుడ్డ తెచ్చి తుడిచింది. కుంకుమ పోయింది. పసుపు మాత్రం గుడ్డ తగిలినకొద్దీ చెక్కలోకి దిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటి ముందు నుంచి పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు, వాళ్ళలో నా క్లాసు పిల్లలిద్దరున్నారు.

"అమ్మా, వై డిడ్ యూ డూ దట్! ఎవరు చెయ్యమన్నారు నిన్ను?"

"అరవకే. ముందు నే చెప్పేది వాళ్ళకి చెప్పు" అంది అమ్మ. గొంతు నిదానంగానే ఉంది. "ఇది రంగు కాదు, పసుపు అని చెప్పు. రెండు మూడు రోజులు ఎండ తగిలితే అదే పోతుంది. ఎవరూ ముట్టుకోవద్దను. రుద్దితేనే చెక్క పాడవుతుంది. వాళ్ళ ముగ్గుకి పసుపు లేదని పెట్టాను, మంచికే పెట్టానని చెప్పు."

అందరూ నా వైపు చూశారు. అదంతా ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నాకు బాగా తెలుసు. ఆ వీధిలో, ఆ పిల్లల ముందు, పసుపు గురించీ దిష్టి గురించీ చెప్పడం నాకిష్టం లేదు. పైగా ఎండకు పోతుందన్న మాట నేనే నమ్మలేదు.

"షీ సేస్ షీ ఈజ్ సారీ" అన్నాను.

"అంతేనా? నేనన్నదంతా చెప్పావా?"

"చెప్పాను."

అమ్మ నన్నొక్క క్షణం చూసి లోపలికి వెళ్ళిపోయింది. కమిటీ ఆవిడ, రేపు ఈ గుమ్మానికి దుప్పటి కప్పి పక్క తలుపులోంచి జనాన్ని పంపాలంది. అద్దెవాళ్ళ సంగతి ముందే చెప్పానుగా అని కూడా అంది. మరక పోయే దారి ఇంకెవరినైనా అడిగి చూద్దామని ఇద్దరూ మళ్ళీ కోర్టు వైపు నడిచారు.

ఊరుకున్నంత ఉత్తమం లేదని అమ్మ రోజుకు పదిసార్లు అనేది. నేను ఊరుకుంటే కదా. కాలుగాలిన పిల్లిలా హాల్లో అటూ ఇటూ తిరిగాను. పసుపు పోతే దుప్పటి అక్కర్లేదు. దుప్పటి అక్కర్లేకపోతే నా టోపీ, నా కథ, మా ఏడాది అన్నీ మిగులుతాయి. నాన్న పనిముట్ల పెట్టెలో గరుకు కాయితం ఉంది, చెక్కకు రుద్దితే పైపొర లేచిపోయేది. తీసుకొచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, గడప మధ్య నుంచి మొదలుపెట్టాను.

ఎంత హాయిగా ఉండిందో చెప్తే సిగ్గుపడాలి. పచ్చటి పొడి రాలుతోంది, కింద నుంచి తెల్లటి చెక్క బయటపడుతోంది, అప్పుడే కోసినట్టు పైన్ వాసన వస్తోంది. వారం నుంచి ఊరుకోని నా చేతులకు పని దొరికింది. రుద్దుకుంటూ ఎడమ చివరకు వచ్చాను. పువ్వు మీద మెల్లగానే రుద్దాననుకున్నాను. మొదటి రేకు మసకబారినప్పుడు చూశాను కూడా. అక్కడ ఆపి ఉండవచ్చు. కానీ ఆ రేకుల గీతల్లోనే పసుపు ఎక్కువ దిగింది, ఇంకొక్కసారి రుద్దితే పోతుందనిపించింది. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అంటూ రుద్దాను. ఆఖరికి అలవాటుగా వేలు పెట్టి తిప్పబోతే వేలికేమీ తగల్లేదు.

కాయితం బాక్స్‌వుడ్ పొదలోకి విసిరేశాను. కుడి చివర బెత్తెడు మేర పసుపు ఇంకా అలాగే ఉంది. దాన్ని ముట్టుకునే ధైర్యం లేకపోయింది. పొడినంతా చేతులతో ఎత్తి గౌనులో పోసుకుని పెరట్లో పారబోసి వచ్చాను. వచ్చేసరికి వాళ్ళు తిరిగొస్తున్నారు.

పెద్దావిడ దూరం నుంచే చూసింది. వచ్చి, కష్టం మీద మోకాళ్ళు వంచి కూర్చుని, పువ్వు ఉండాల్సిన చోట వేళ్ళతో తడిమింది. ఒకసారి తడిమి, చోటు తప్పానేమో అన్నట్టు పక్కన తడిమింది. మళ్ళీ మొదటిచోటికే వచ్చింది. ఆ వేళ్ళు నాకు ఇప్పటికీ కనిపిస్తాయి.

"ఎవరు?" అంది.

అమ్మ చప్పుడు విని వంటింట్లోంచి వచ్చింది. గడప చూసింది. తర్వాత నన్ను చూసింది, నా చేతులు చూసింది. నేను వాటిని వెనక్కి పెట్టుకున్నాను. అమ్మ నాకూ వాళ్ళకూ మధ్యలోకి వచ్చి నిలబడింది.

"మీ" అంది ఇంగ్లీషులో. "ఐ డూ. సారీ."

"వై?" అంది పెద్దావిడ. అరవలేదు. తెలుసుకోవాలనే అడిగింది. అమ్మకు జవాబు చెప్పే ఇంగ్లీషు లేదు. ఎప్పుడూ అలాంటప్పుడు నా వైపు తిరిగేది. ఆ రోజు తిరగలేదు. నేను కుక్కిన పేనులా అమ్మ చీర వెనక నిలబడ్డాను.

శనివారం జనం పక్క తలుపులోంచి వచ్చారు. నేను టోపీ ఒళ్ళో పెట్టుకుని పైగది కిటికీలో కూర్చుని, మొలాసిస్ కేకు వాసన పీలుస్తూ, ఇటుక బాట మీద పోయే తెల్లటోపీలన్నీ చూశాను. తర్వాత మూడు వారాలకు మేం వెళ్ళిపోయాం. పెద్దావిడ వెళ్ళమనలేదు. ఉండమనీ అనలేదు. సాయంత్రం ఆరింటికి గిన్నె పట్టుకుని రావడం మాత్రం మానేసింది. అమ్మ అలవాటుగా ఆవిడకు సరిపడా చారు ఎక్కువే పెట్టేది, మిగిలిపోయేది.

సామాను ఎక్కించే రోజు పొద్దున్న చివరిసారి గడప దగ్గర కూర్చున్నాను. తూర్పు గుమ్మం, ఎండ నేరుగా పడుతోంది. నేను గరుకు కాయితం పెట్టిన మేరంతా తెల్లగా, బోడిగా ఉంది. నేను ముట్టుకోని కుడి చివర మాత్రం పాత చెక్క పాతగానే, నల్లగా, నున్నగా ఉంది. పసుపు ఆనవాలు కూడా లేదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమంటారు. అది గోటితో కూడా పోనక్కర్లేదు, ఊరికే ఎండలో వదిలేస్తే చాలు. అమ్మ చెప్పింది. నేనే చెప్పలేదు.

ఈ ముక్క ఆ రోజే పెద్దావిడ తలుపు తట్టి చెప్పి ఉండవచ్చు. నాన్న హారన్ కొట్టాడు, వెళ్ళి కారెక్కాను. తమ్ముడు ఆగస్టులో పుట్టాడు, ఎవరూ తెలియని కొత్త ఊళ్ళో, అపార్ట్‌మెంట్‌లో. ఆస్పత్రి నుంచి అమ్మ వచ్చినరోజు అన్నం వండిపెట్టినదాన్ని నేనే. అది మాడింది. అమ్మ మాడు పక్కకి తీసుకుని తింది.

ఇరవై దాటాక స్నేహితులతో ఒకసారి ఆ దారిన పోతూ ఆ ఊళ్ళో ఆగాను. పెద్దావిడ పోయిందట, ఇల్లు మ్యూజియం అయింది. గుమ్మం పక్కన చిన్న కార్డు ఉంది. ఈ గడప మీద ఒకప్పుడు రక్షగా గీసిన పువ్వు ఉండేదనీ, తర్వాతి కాలంలో అద్దెకున్న ఒక స్త్రీ దాన్ని చెరిపివేసిందనీ రాశారు. రెండుసార్లు చదివాను. స్నేహితులు పిలిస్తే వెళ్ళిపోయాను. నిజం చెప్పకుండా వెళ్ళిపోవడం మొదటిసారి పదకొండేళ్ళ పిల్లనని సర్ది చెప్పుకున్నాను. రెండోసారికి ఏ సాకూ లేదు.

కారు సీటు మీద మరక మంగళవారానికి పోయింది. మా అబ్బాయి, "నో వే!" అంటూ ఫోటోలు తీసుకున్నాడు. నేను అప్పటికే నాలుగుసార్లు చేతిలోకి తీసుకుని పెట్టేసిన ఫోను మళ్ళీ తీసి, ఎడిసన్‌లో తమ్ముడి దగ్గరున్న అమ్మకు చేశాను.

"అమ్మా, ఆ పాత ఇంటి గడప గుర్తుందా? ఆ పువ్వు చెరిపింది..."

"నువ్వు" అంది అమ్మ. "చేతులనిండా పచ్చపొడి పెట్టుకుని వెనక నిలబడితే తెలీదటే?"

"మరెందుకు నువ్వే చేశానన్నావు?"

"కడుపులో ఒకడు, వెనకాల ఒకతె. ఎవర్ని ముందుకు తొయ్యను?" అని నవ్వింది. నవ్వు లేకుండా మళ్ళీ అంది, "చెరిపినందుకు నాకెప్పుడూ కోపం లేదు. పిల్లదానివి. నేను అంత పొడుగు చెప్తే నువ్వు సారీ అని ఊరుకున్నావు చూడు. ఆ మాత్రం ఇంగ్లీషు నాకు తెలుసే. వద్దన్నా వినకుండా రుద్దుతారేమోనని నేను భయపడుతుంటే, వాళ్ళకి అసలు వద్దన్నట్టే తెలీదు. ఆవిడ నన్ను ఏ బుద్ధీ లేని మనిషి అనుకునే పోయి ఉంటుంది. నా చారు తాగిన మనిషి."

నేను ఏడ్చాను. దాచిపెట్టడం ఎందుకు. అమ్మ ఏడవనిచ్చింది.

"నాకు చెప్పి ఏం లాభం? ఆ ఇంట్లో ఇప్పుడెవరున్నారో వాళ్ళకి చెప్పు. పువ్వు ఎలా ఉండేదో కావాలంటే నా గుమ్మం చూడమను" అంది.

"నీ గుమ్మం ఏమిటి?"

తమ్ముడు ఫోటో తీసి పంపాడు. ఎడిసన్ ఇంటి ముందు, సిమెంటు గుమ్మం ఎడమ చివర, జానెడు వెడల్పున బియ్యప్పిండి ముగ్గు. గుండ్రం, లోపల ఆరు రేకులు. ఆ ఊరు వదిలాక మేం ఉన్న ప్రతి ఇంట్లోనూ, ప్రతి శుక్రవారం, అమ్మ ఎడమ చివర వేస్తున్నది అదే. తల్లి ముగ్గును ఎవరు చూస్తారు? నలభై ఏళ్ళుగా తొక్కకుండా దాటుకుంటూ పోయాను.

ఆ రోజే ఆ మ్యూజియానికి ఉత్తరం రాశాను. ఆ కార్డు మీది మాట తప్పని, చెరిపింది ఆమె కాదు, ఆమె కూతురని, ఆ కూతురిని నేనేనని రాశాను. ముగ్గు ఫోటో జత చేశాను. పోస్టు చేసినప్పటి నుంచి రోజుకు మూడుసార్లు మెయిల్‌బాక్స్ దాకా నడుస్తున్నాను. ఇంకా ఏమీ రాలేదు. ఉత్తరం చివర అమ్మ మాటల్ని ఒక్కటీ వదలకుండా ఇంగ్లీషులో పెట్టాను, ఆ రోజు ఆ గుమ్మంలో నిలబడి నేను చెప్పాల్సినట్టుగా: మా అమ్మ చెబుతోంది, ఇది రంగు కాదు, పసుపు. రెండు మూడు రోజులు ఎండ తగిలితే అదే పోతుంది. ఎవరూ ముట్టుకోవద్దు. రుద్దితేనే చెక్క పాడవుతుంది. మీ ముగ్గుకి పసుపు లేదని పెట్టింది. మంచికే పెట్టింది.